మా ఆయన పేరు మీద సిమ్ము

నా ఫోన్ నాదే. అందులో సిమ్ము మాత్రం మా ఆయన పేరు మీద ఉంది. పెళ్లైన కొత్తలో నా ఆధార్ మీద ఇంకా పుట్టింటి అడ్రసే, అంగలకుదురే ఉండేది. అందుకని షాపులో ఆయన కార్డు ఇచ్చి తీసుకున్నాం. రేపల్లెలో మా వీధి ఆడవాళ్లందరి సంగతీ ఇంతే. పది పన్నెండు మందిమి కలిసి వాట్సాప్ గ్రూపు పెట్టుకున్నాం గానీ, కాగితాల ప్రకారం ఆ గ్రూపులో ఒక్క ఆడది కూడా లేదు. ఈ మాట నేనే అని అందరినీ నవ్వించేదాన్ని.

ఆ వేసవిలో కుళాయిలో బురద నీళ్లు మొదలయ్యాయి. అర్జీలిచ్చాం, ఫోన్లు చేశాం. పట్టించుకున్న నాథుడే లేడు. పదో రోజు నాకు ఒళ్లు మండింది. కుళాయి కింద బిందె పెట్టి, నీళ్లు పడుతుండగా వీడియో తీశాను. "మా వార్డు నాయకుడు ఈ నీళ్లు ఒక్క గ్లాసు తాగి చూపించాలి" అన్నాను. మొహం చూపించలేదు. ఆ మాత్రం తెలివి చాలనుకున్నాను. గ్రూపులో పెడితే, మావాళ్లు ఫేస్‌బుక్‌లోకి ఎక్కించారు. సాయంత్రానికి తెనాలి నుంచి మా చెల్లెలు ఫోన్ చేసింది.

"అక్కా, ఆ గొంతు నీదేగా? ఇక్కడ మా వీధంతా చూస్తన్నారు!"

నిజం చెప్పొద్దూ, గర్వంగా అనిపించింది. ఎవరైనా ఆఫీసరు వస్తే చూపిద్దామని ఆ బిందెడు నీళ్లూ పారబోయకుండా అలాగే ఉంచాను.

మర్నాడు పొద్దున్నే వచ్చింది ఆఫీసరు కాదు, నాయకుడి మనిషి. వీడియో ఏ నంబరు నుంచి బయల్దేరిందో ఎవరో చెప్పేశారు.

"మీ ఆయన్ని పిలవమ్మా."

"తీసింది నేనండి."

"నంబరు ఆయన పేరు మీదుంది. కేసు పెడితే ఆయన మీదే పడుద్ది. మిల్లులో ఉద్యోగం కూడా చూసుకోవాలి గదమ్మా!"

మా ఆయన రైసు మిల్లులో గుమాస్తా. ఆ మిల్లు ఓనరు నాయకుడికి వియ్యంకుడు. మా ఆయన చొక్కా వేసుకుని బయటికొచ్చి, "ఏం చెయ్యమంటారండి?" అన్నారు. నన్ను తిట్టినా బాగుండేది.

చెయ్యాల్సింది క్షమాపణ వీడియో. ఆయనకు ఫోన్ ఎత్తడం, మాట్లాడటం తప్ప ఏమీ రాదు. అందుకని మాటలు నేనే రాసిచ్చాను. కుళాయి పక్కన నిలబెట్టి, ఫోన్ కూడా నేనే పట్టుకున్నాను. "తప్పుడు వీడియో పెట్టానండి. మా వీధిలో నీళ్లు బాగానే వస్తున్నాయండి" అని ఆయన అక్షరం పొల్లుపోకుండా చదివారు. నేను సిగ్గుతో చచ్చిపోయాను.

అప్పటికే గ్రూపులో సగం మంది లేరు. వాళ్లను ఏమనగలను? వాళ్ల సిమ్ములూ మొగుళ్ల పేరు మీదే.

నాయకుడి మనిషి వీడియో చూసి పెదవి విరిచాడు.

"మళ్లీ తియ్యమ్మా. ఎనకమాల ఆ బిందె కనపడతంది."

నిన్నటి నీళ్లు అందులో ఎర్రగా అలాగే ఉన్నాయి. మా ఆయన బిందె తీయడానికి వంగారు. "మీరుండండి" అని, నేనే వెళ్లి దాన్ని పక్కకు జరిపాను.

మళ్లీ ఫోన్ ఎత్తి, "ఊఁ, చెప్పండి" అన్నాను.