బాపమ్మ డబ్బీలో తక్కువైన పన్ను

మా చిన్నప్పుడు... మధ్యాహ్నం అన్నాలయ్యాక బాపమ్మ అర్రలోంచి గలగలమని చప్పుడు వచ్చేది. బాపమ్మ అంటే మా నాన్నను కన్న తల్లి. ఆ చప్పుడు చిల్లరది అనుకునేరు... కాదు. పళ్ళు. ఆమె సొంత పళ్ళు.

ఊడిన ప్రతి పన్నునూ కడిగి, ఆరబెట్టి, పాత తంబాకు డబ్బీలో దాచుకునేది. రోజూ ఒడిలో పోసుకొని లెక్కపెట్టేది. ఎందుకే బాపమ్మా అంటే, "మొత్తం మనిషినే పోవాలె బిడ్డా. సగం ఈడ ఇడిసిపెట్టి పోతే నడుమల్నే తిరుగుడైతది" అనేది. నాకు భయమేసేది. అయినా గడప దగ్గర నిలబడి చూసేదాన్ని.

విచిత్రం ఏమిటంటే, తంబాకు మరకలే తప్ప ఒక్క పంటికీ పుచ్చు లేదు. మక్క గింజల్లా గట్టిగా ఉండేవి. పట్టు వదిలేసింది చిగుళ్ళేనని మాకు అప్పుడేం తెలుసు! పొద్దున బొగ్గుపొడి, ఉప్పు పెట్టి తోముకుంటే ఉమ్మిలో ఎర్రగా పడేది. "చెడు రక్తం పోతాంది, పోనియ్యి" అనేది ధీమాగా. ఇంటిల్లిపాదికీ అదే నమ్మకం. చిగుళ్ళ నుంచి రక్తం కారితే సంబరపడిన ఇల్లు మాదొక్కటేనేమో...

వరంగల్ చౌరస్తా వెనక గల్లీలో మాకు కిరాణా దుకాణం, దాని వెనకే గూన పెంకుల ఇల్లు. దుకాణంలో పొట్లాలు కట్టే దారం ఉండ పైనుంచి వేలాడుతుండేది. నా పాలపన్ను కదిలితే బాపమ్మ ఆ దారమే ముడేసి టప్పున లాగేది. ఊడిన పన్నును ఆవు పెండలో పెట్టి ఇంటి మీదికి విసరాలి... అప్పుడే కొత్తది మొలుస్తుందట. నాకు మొలిచింది కూడా!

అదే నా కొంప ముంచింది.

ఏడేళ్ళ బుర్ర కదా... బాపమ్మ పళ్ళన్నీ డబ్బీలో మూసిపెడితే మళ్ళీ ఎలా మొలుస్తాయి అనుకున్నాను. ఆమె స్నానానికి వెళ్ళినప్పుడు, అంతకు రెండు రోజుల ముందు ఊడిన పన్నును తీశాను. కింది వరుసలో ముందు పన్ను. పెండలో పెట్టి గూనల మీదికి విసిరాను. ఆ సాయంత్రమంతా ఆశగా ఆమె నోట్లోకే చూశాను.

మర్నాడు లెక్కలో ఒకటి తగ్గింది. మూడుసార్లు లెక్కపెట్టింది. మంచం కింద, బియ్యం డబ్బాలో, బట్టల మూటలో... అంతటా వెతికింది. ఆమె ముఖంలో అంత భయం నేను ఎన్నడూ చూడలేదు. చివరికి గడప మీద కూర్చొని, ఎవరి మీదా కోపం లేనట్టు మెల్లగా అంది. "ఎవ్వలు తీసిండ్రో తెచ్చియ్యుండ్రి. లేకుంటే తీసినోళ్ళ పన్నే నేను ఎంట తీస్కపోత."

నేను రెండు చేతులతో నోరు మూసుకున్నాను. చెప్పలేదు. ఆ ఏడే ఆమె పోయింది. డబ్బీని ఆమెతో పాటే కాష్ఠం మీద పెట్టారు... ఒకటి తక్కువతో.

ఆ తర్వాత ఎండాకాలం మధ్యాహ్నాల్లో పైన టక్... టక్... మని చప్పుడు. ఎవరో ఒక్కో పెంకు ఎత్తి చూస్తున్నట్టు. "కోతులే పిల్లా, పండుకో" అనేది అమ్మ. కోతులే కావచ్చు. కానీ కోతులు పెంకు ఎత్తి, మళ్ళీ ఉన్నచోటే సరిగ్గా పెడతాయా... అని ఎవరినీ అడగలేదు.

ఇన్నేళ్ళ తర్వాత, నిరుడు నా పన్ను కదిలింది. కింది వరుసలో ముందు పన్ను. అదే.

హనుమకొండలో పంటి దవాఖానకు పరుగెత్తాను. డాక్టరమ్మది మా అమ్మాయి వయసు. "ఆంటీ, పన్నుకు ఏం కాలే. దాన్ని పట్టుకునే చిగురే జారుతాంది. రక్తం ఎప్పటిసంది వస్తాంది?" అని అడిగింది. ఏం చెప్పను... చెడు రక్తమని ఏళ్ళ తరబడి పోనిచ్చానని చెప్పనా, మా బాపమ్మ తన పన్ను అడుగుతోందని చెప్పనా?

పళ్ళు శుభ్రం చేసి, చేతిలో చిన్న డబ్బీ పెట్టింది. లోపల దారం! "రోజూ పండ్ల సందుల్ల ఈ ఫ్లాస్ ఆడియ్యాలె. జర మెల్లగ. మొదట్ల రక్తమొస్తది, భయపడి ఆపొద్దు." ఆ దారం చూడగానే బాపమ్మ వేసే ముడే గుర్తొచ్చింది. దుకాణంలో వేలాడిన దారం పళ్ళు పీకేది. ఇదేమో నిలబెడుతుందట.

మొదటి వారం రక్తం చూసి రెండు రోజులు ఎగ్గొట్టాను. ఇలా కాదని ఆ డబ్బీని తీసుకెళ్ళి బాపమ్మ ఫొటో కింద పెట్టాను. అన్నం తిని చెయ్యి కడుక్కోగానే అటే వెళ్ళాలి. ఫొటోలో ఆమె నోరు మూసుకునే ఉంటుంది. కళ్ళు మాత్రం నా నోటి మీదే... ఆ తర్వాత ఒక్కరోజు మానితే ఒట్టు! రెండు మూడు వారాలకు రక్తం ఆగింది. నెలలు గడిచేసరికి పన్ను కూడా కుదురుకుంది.

పోయిన నెల పాత ఇల్లు విప్పారు. దించిన పెంకుల కుప్ప ముందు కూర్చొని వేళ్ళతో మట్టి జల్లించాను. "ఏం దేవులాడుతున్నవక్కా?" అన్నాడు మేస్త్రీ. చెవి కమ్మ పడిందని అబద్ధం చెప్పాను. దొరకలేదు.

ఇప్పుడు అక్కడ స్లాబు లేస్తోంది. ఇక ఏ పిల్ల పాలపన్ను ఊడినా విసరడానికి ఆ గూనలు లేవు. నా దారం మాత్రం రోజూ పళ్ళ సందుల్లో మెత్తగా జారుతుంది... ఆ ఒక్క పంటి దగ్గరే, టక్... మంటుంది.

మీ ఇళ్ళలో ఊడిన పళ్ళు ఏం చేసేవాళ్ళు? చెప్పండి... నేనైతే ఇన్నేళ్ళూ ఎవరికీ చెప్పనిది ఇక్కడ చెప్పేశాను.

బాపమ్మా, తీసింది నేనే. నీకు మళ్ళీ మొలుస్తుందనే తీశాను.