గడువు మళ్ళీ పొడిగించారు, సలీం భాయ్

నిన్న పొద్దున ఫోన్ మోగింది. స్క్రీన్ మీద సలీం భాయ్ పేరు.

"ఏంటి భాయ్, లండన్ వాళ్ళు మళ్ళీ డేట్ మార్చారా?" అన్నాను, హలో కూడా అనకుండా.

అవతల ఆయన కూతురు ఆయేషా.

"ఆంటీ... అబ్బూ నో మోర్."

తెల్లవారుజామున ఫజర్ నమాజుకు లేచి, వుజూకి చేతులూ కాళ్ళూ కడుక్కుంటూ అక్కడే కూలిపోయారట. అంబులెన్స్ వచ్చేసరికే అయిపోయింది.

ఇది రాస్తున్నా గానీ ఇంకా నమ్మబుద్ధి కావట్లేదు.

తెలియని వాళ్ళ కోసం చెప్తున్నాను. ఆయనది వరంగల్, నాది ఒంగోలు. ఇద్దరం పాత ఐటీ బూమ్‌లో సింగపూర్ వచ్చిన బ్యాచ్. ఇప్పుడు రాఫెల్స్ ప్లేస్‌లో ఒక బ్రిటిష్ బ్యాంకులో ఒకే టీమ్.

బ్రిటన్ యూరోపియన్ యూనియన్ నుంచి బయటికి వెళ్ళే రోజున, యూరప్ కస్టమర్ల అకౌంట్లన్నీ లండన్ నుంచి తీసి యూరప్‌లోనే ఉన్న వేరే కంపెనీలోకి మార్చాలి. ఆ ప్రోగ్రాములు మావి. సలీం భాయ్ మా లీడ్. ఆయన కాంట్రాక్టు ఆ "బయటికి వెళ్ళే రోజు" వరకే.

ఆ రోజు ఎప్పుడో బ్రిటన్ ప్రధానమంత్రికే తెలియదు.

అందుకే ఆయన బ్రిటన్ రాజకీయాలు చదవడం మొదలుపెట్టారు. వరంగల్‌లో తన కార్పొరేటర్ ఎవరో తెలియని మనిషి, లండన్ ఎంపీల్లో ఎవరు ఎటో చెప్పేవారు. పొద్దున ఇంటి దగ్గర చోవా చూ కాంగ్‌లో ట్రైన్ ఎక్కింది మొదలు దిగేదాకా చెవుల్లో పార్లమెంటు రికార్డింగులే.

లంచ్‌కి హాకర్ సెంటర్‌లో టిష్యూ ప్యాకెట్ పెట్టి టేబుల్ చోప్ చేసి, అంటే మాదని ఆపి పెట్టి, నాకు క్లాసు పీకేవారు.

"వాళ్ళు మొదటి సంది గంతే చెల్లె. పెండ్లికి వచ్చిండ్రు గని చెప్పులు ఇడువలే, దర్వాజ కాడనే నిలబడ్డరు. అందరు యూరో తీస్కుంటే వీళ్ళు పౌండు ఇడువలే. సొంత పార్టీల లొల్లి ఆపనీకి, ఉండాల్నా పోవాల్నా అని దేశమంతా ఓటు పెట్టిండ్రు. ఇప్పుడు గా లొల్లి ఇంటింటికి వచ్చింది."

నిజమే. ఓటు పెట్టిన ప్రధాని దిగిపోయాడు. తర్వాత వచ్చినావిడ ఒప్పందం తెస్తే, సొంత పార్టీ వాళ్ళే మళ్ళీ మళ్ళీ ఓడించారు. ఆవిడా దిగిపోయింది. ఆ ఓటు దగ్గర గొడవపడి మా లండన్ మేనేజర్ తన తమ్ముడితో మాటలు మానేశాడు.

పార్లమెంటులో ఒప్పందం ఓడిన ప్రతిసారీ సలీం భాయ్ ఆఫీసుకు స్వీట్లు తెచ్చేవారు. వాళ్ళకు గడువు పెరిగితే మాకు కాంట్రాక్టు పెరుగుతుంది మరి.

ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకు నిప్పు దొరికిందని ఇంకొకడు సంతోషపడ్డాడట, అలా ఉంది మీ వరస అని ఒకసారి ఏడిపించాను.

నవ్వలేదు. "నాది చుట్ట కాదు చెల్లె. పొయ్యి" అన్నారు.

ఈ ఏడాది మొదట్లో గుండెలో నొప్పి వచ్చింది. బైపాస్ చెయ్యాలి, ఆలస్యం వద్దు అన్నాడు డాక్టర్. ఆపరేషన్‌కి డేట్ ఇచ్చారు. సరిగ్గా బ్రిటన్ బయటికి వెళ్ళే వారం. ఆఫీసులో లీవులన్నీ బంద్.

అడిగితే ఇచ్చేవాళ్ళేమో. కానీ రెన్యువల్ ముందు గుండె బాగాలేదని చెప్పుకోవడానికి ఆయన భయపడ్డారు. బయట మళ్ళీ బూమే, రోజూ ఎవరో ఒకరికి ఆఫర్ వస్తూనే ఉంది. అయితే అవన్నీ చిన్నవాళ్ళకు. యాభై దాటినవాడికి ఉద్యోగం పోతే, ఈ దేశంలో ఉండనిచ్చే వర్క్ పాస్ కూడా పోతుంది. ఇక్కడే స్థిరపడడానికి పీఆర్ ఎన్నిసార్లు అడిగినా రాలేదు. ఆయేషా చదువు ఇంకా పూర్తి కాలేదు.

"అబ్బూ, జస్ట్ గో అండ్ డూ, లా" అని ఆ పిల్ల నా ముందే బతిమాలింది.

"గా ఎగ్జిట్ ఒక్కటి కానియ్ బేటా" అన్నారు.

ఇష్టమైన పాల టీ, తే తారిక్, మానేసి, పాలూ చక్కెరా లేని తే ఓ కోసోంగ్ తాగుతూ, సగం వైద్యం అయిపోయినట్టే అనేవారు.

ఆ వారం ఆయన ఆపరేషన్‌కీ వెళ్ళలేదు, బ్రిటన్ బయటికీ వెళ్ళలేదు. గడువు పొడిగించారు.

ఈ నెల మొదట్లో ఆపరేషన్‌కి మళ్ళీ డేట్ తీసుకున్నారు. ఇంతలో లండన్ నుంచి మెయిల్. నెలాఖరుకి వెళ్ళడం ఈసారి ఖాయం, వచ్చే శనివారం పూర్తి రిహార్సల్, లీడ్ ఉండి తీరాలి అని. ఆయన హాస్పిటల్‌కి ఫోన్ చేసి డేట్ వెనక్కి జరిపించుకున్నారు.

రిహార్సల్ నేను చూసుకుంటాను, మీరు వెళ్ళండి అని గట్టిగానే చెప్పాను. వినలేదు.

"శనివారం దాటనియ్ చెల్లె. సోమవారం నేనే పోయి అడ్మిట్ అయిత."

నిన్న సాయంత్రం అసర్ నమాజు తర్వాత మగవాళ్ళు ఆయన్ని ఖబరస్తాన్‌కు తీసుకెళ్ళారు. నేను ఇంట్లో ఆయన భార్య నజ్మా భాభీ పక్కన కూర్చున్నాను. ఆవిడ నా చెయ్యి పట్టుకుని అడిగారు.

"చెల్లె, గా దేశపోళ్ళు పోయిండ్రా, లేదా?"

ఇంకా లేదు భాభీ, అన్నాను.

ఆవిడ మొహం గోడవైపు తిప్పుకున్నారు.

నాకు కోపంగా ఉంది. ఆ పార్లమెంటు మీద, మా ఆఫీసు మీద, అందరికంటే ఎక్కువ మీ మీద, భాయ్. పొయ్యి వెలగాలంటే ముందు మనిషి ఉండాలి కదా.

ఈ పొద్దున ఆఫీసులో మెయిల్ చూశాను. మొదటి పేరాలో మీ మృతికి సంతాపం. రెండో పేరాలో, బ్రిటన్ వెళ్ళడం మళ్ళీ వాయిదా, శనివారం రిహార్సల్ క్యాన్సిల్.

దాని వెనకే హెచ్ఆర్ మెయిల్. టీమ్‌లో అందరి కాంట్రాక్టులూ పొడిగించారట.

ఆ లిస్టులో మొదటి పేరు మీదే.

ఇక మీకు ఏ గడువూ లేదు, సలీం భాయ్. చెప్పులు విడిచి, నిశ్చింతగా లోపలికి వెళ్ళండి.

అల్లా మిమ్మల్ని తన చల్లని నీడలో ఉంచాలి.