వేర్ల తనిఖీ అధికారి సెలవు చీటీలు

నర్సరీ బాబాయికి ఉన్న జబ్బు ఒక్కటే: కాగితం లేనిదే ఎవరినీ ఏ పనీ చేయనివ్వడు. టమాటా నారు పెంచి రైతులకు అమ్మే ఆ రెండెకరాల్లో పని చేయాలంటే నియామక ఉత్తర్వు ఉండాలి. ఉత్తర్వులో హోదా ఉండాలి. హోదా కింద ఆయన సంతకం, సంతకం మీద గుండ్రటి ముద్ర ఉండాలి. నీళ్లు పట్టే మనిషి జలవనరుల అధికారి. మేకలను తోలే మనిషి సరిహద్దు వ్యవహారాల అధికారి. కుక్కకు సైతం భద్రతా విభాగంలో ఉద్యోగమిచ్చాడు గానీ, అది నారు కొనడానికి వచ్చిన రైతులను మూడుసార్లు తరిమి, పైపులు ఎత్తుకుపోయిన దొంగను తోక ఊపుతూ సాగనంపినందువల్ల, దాని ప్రొబేషన్ ఇంకా పూర్తి కాలేదు.

దర్జీ కూతురు చేరిన రోజున ఆమెను వేర్ల తనిఖీ అధికారిగా నియమించాడు. నారు పోసే ప్లాస్టిక్ ట్రేకు తొంభై ఎనిమిది గుంటలు. ప్రతి ట్రేలోంచీ ఒక మొక్కను పైకి తీసి, వేరు తెల్లగా ఉందో గోధుమ రంగుకు తిరిగిందో చూసి పుస్తకంలో రాయాలి. ఆ సాయంత్రం ఉత్తర్వు చూపిస్తే, తల్లి కుట్టుమిషను ఆపి దాన్ని రెండుసార్లు చదివింది.

"మట్టి పిసకడానికి అధికారి ఏంటే? రెండేళ్లు చూస్తాను. అప్పటికీ నలుగురికి చెప్పుకునే ఉద్యోగం కాకపోతే, టౌన్లో మీ పిన్ని బట్టల షాపుకి పోతావు."

ఆ షాపులో పది గంటలు నిలబడాలి. కూర్చోవడానికి స్టూలు కూడా ఉండదు. అమ్మాయికి ఆ సంగతి తెలుసు.

బాబాయి పని వేళ ఎనిమిది గంటలు దాటనిచ్చేవాడు కాదు. వారానికో సెలవు తప్పనిసరి. దానికి మించి కావాలంటే మాత్రం దరఖాస్తు, అందులో ఖచ్చితమైన కారణం. ఒంట్లో బాగోలేదని ఒకసారి ఆమె రాస్తే, "ఒంట్లో ఎక్కడ?" అని ఎర్రసిరాతో తిప్పి పంపాడు. కింది దవడ, ఎడమవైపు, చివరి నుంచి రెండో పన్ను అని తిరిగి రాశాక మంజూరైంది. అన్నయ్య కొన్న గేదె పాత యజమాని ఇంటికి వెళ్లిపోయిందనీ, నచ్చజెప్పి తీసుకురావడానికి ఒక పూట సెలవు కావాలనీ మరోసారి రాసింది. దూరమెంతో రాయమన్నాడు. నాలుగు కిలోమీటర్లని రాసింది. "గేదె నడకకు, మొండితనానికి పూట చాలదు. ఒక రోజు మంజూరు" అని ముద్ర కొట్టాడు.

రెండేళ్లూ నిండుతుండగా, వ్యవసాయ కళాశాల వాళ్లు ఒక డిప్లొమా ప్రకటించారు. వారానికి రెండు రోజులు క్లాసులు, పాసైతే సాంకేతిక సహాయకురాలి ఉద్యోగం. పొలంలో రెండేళ్లు పని చేసినట్టు రుజువు చూపినవారికే సీటు. తల్లి ఒక్కటే మాట చెప్పింది: సీటు రాకపోతే సోమవారం బస్సెక్కాలి.

మర్యాదగల హోదాతో ఒక సర్టిఫికెట్ రాసివ్వమని అమ్మాయి బాబాయిని బతిమాలింది. లేనిది రాయనన్నాడు. ఉన్న కాగితాలన్నీ వరుసగా పేర్చి, నారు కట్టే పురికొసతోనే కట్ట కట్టి చేతిలో పెట్టాడు. బస్సులో ఆ కట్ట ఎవరికీ కనబడకుండా ఆమె చున్నీ కప్పుకుంది.

కళాశాలలో ఆమె కంటే ముందు వెళ్లిన ముగ్గురూ ఆరేసి ఏళ్లు పొలాల్లో ఒళ్లు వంచినవారే. చూపడానికి చిన్న చీటీ కూడా లేక వెనుదిరిగారు. ఆమె వంతు వచ్చింది. ప్రిన్సిపాల్ మేడమ్ హోదా చదివి దగ్గింది. పక్కనున్న మాస్టారు దగ్గే శ్రమ కూడా తీసుకోకుండా నవ్వేశాడు. అమ్మాయికి చెవులు కాలిపోయాయి. మేడమ్ పేజీలు తిప్పుతూ పన్ను దాటి గేదె దగ్గర ఆగింది.

"దొరికిందా?"

"దొరికిందండి. మళ్లీ రెండుసార్లు పోయింది. ఆ దరఖాస్తులు కూడా వెనకాల ఉన్నాయి."

మేడమ్ అవి కూడా చదివింది. "దొంగ కాగితాలు చాలా చూశాను," అని మాస్టారితో అంది. "ఏ దొంగా గేదె నడక లెక్క కట్టడు." సీటు ఆమెదే అని రాసేసింది.

బయట ముసలి అటెండరు ఆ గుండ్రటి ముద్రను చూసి ఆగిపోయాడు. పాతికేళ్ల కిందట ఒక కుర్రాడు పదకొండేళ్లు పొలం పని చేశానని చెప్పుకుంటూ ఇక్కడికి వచ్చాడట. రుజువు లేదని పంపేశారట.

"ఏడుస్తాడేమో అనుకున్నానమ్మా. ముద్రలు ఎక్కడ చేస్తారని నన్నే అడిగాడు. నేను చూపిన చోట చేయించిన ముద్రే ఇది."

సాయంత్రం ఆమె నర్సరీకి వెళ్లి, క్లాసులకు వారానికి రెండు రోజులు సెలవు కోరుతూ దరఖాస్తు ఇచ్చింది. బాబాయి 'సెలవు' అన్న మాట కొట్టేసి, 'డ్యూటీ' అని రాసి మంజూరు చేశాడు. అప్పుడామె రెండో కాగితం బల్ల మీద పెట్టింది. శ్రీ నర్సరీ బాబాయి గారు పదకొండేళ్లు పొలం పని చేశారని ఇందుమూలంగా ధ్రువీకరించడమైనది. ఇట్లు, వేర్ల తనిఖీ అధికారి.

ఆయన చాలాసేపు చదివాడు.

"అప్పటికి నువ్వు పుట్టనే లేదు. నీకేం తెలుసని రాశావ్?"

"మీ అరచేతులు చూశాను బాబాయ్. తనిఖీ నా డ్యూటీయే కదా."

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుని, కాగితాన్ని మళ్లీ మొదటి నుంచి చివరిదాకా పరిశీలించాడు.

"తేదీ వెయ్యలేదు," అన్నాడు, తల ఎత్తకుండానే ముద్రనూ ఇంకుప్యాడునూ ఆమె వైపు జరుపుతూ.