దాలమ్మ అరికాళ్లకు అందిన అదురు

దాలమ్మది టాటానగర్‌లోని కాసిడీహ్ పేట. టెక్కలి దగ్గర్నుంచి కూలిపనికి వచ్చిన కుటుంబమే గానీ, ఆమె పుట్టింది ఇక్కడే. ఇరవై ఏళ్లు క్యాంటీన్లలో పిండి రుబ్బి, యాభై దాటాక ఒక లోహ పరిశోధనశాలలో గదులు తుడిచే పనికి కుదిరింది. అక్కడి ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు గదిలోకి చెప్పులతో వెళ్లకూడదు, గట్టిగా మాట్లాడకూడదు. మొదటిది తేలికే. రెండోదే ఆమెకు ప్రాణం మీదికొచ్చింది.

"ఈ గదిలో ఏటి సేత్తారమ్మా?" అని ఒకరోజు హిమబిందునడిగింది. హిమబిందు అదే ఊళ్లోని కద్మా పేట పిల్ల, ఆ యంత్రం నడిపే శాస్త్రవేత్త.

"పల్చటి ఇనుపరేకును లేజర్‌తో కొడతాం పిన్నీ. పరమాణువులు వణుకుతాయి. ఆ వెంటనే ఎలక్ట్రాన్లు పంపి ఫోటో తీస్తాం. సెకనును లక్ష కోట్ల ముక్కలు చేస్తే, అందులో ఒక్క ముక్కలో అయిపోయే పని."

"అంటే లెంపకాయ కొట్టి, మొగం ఎలా మారిందో పొటో తీత్తారు!"

ఆ ఏడు వానలు వెలిశాక చిక్కొచ్చిపడింది. రోజూ పదిన్నరకల్లా బొమ్మ మసకబారేది. హిమబిందుతో పనిచేసే సౌరభ్ రైళ్ల అదురేమోనని అనుమానించి, టాటానగర్ టైంటేబుల్ గోడకు అంటించాడు. తర్వాత లారీలను అనుమానించాడు. ఏసీ కూడా ఆపి చూశారు. చెమటలు పట్టాయి గానీ బొమ్మ తేటపడలేదు.

ఒక పదిన్నరకు తడిగుడ్డ పెడుతున్న దాలమ్మ టక్కున ఆగింది. అరికాళ్ల కింద సన్నటి అదురు. ఎరిగిన అదురే! గోడకవతల క్యాంటీన్లో గ్రైండరు. "రోజూ పూరీయేటి, ఇడ్లీ ఎయ్యరా?" అని మేనేజరును వేధించి కొనిపించింది తనే.

చెబితే ఇడ్లీ పోతుంది. ఆ పూటంతా తుడిచిన గదే మళ్లీ తుడిచి, చివరికి చెప్పేసింది.

"బిందమ్మా, దొంగ దొరికింది. తెచ్చింది నానే."

"మౌసీ, ఏక్ గ్రైండర్ సే ఇత్నా?" అన్నాడు సౌరభ్, ఒక్క గ్రైండరుకే ఇంత జరుగుతుందంటే నమ్మకుండా.

మర్నాడు దాలమ్మ వెళ్లి గ్రైండరు ఆపింది. బొమ్మ తేటపడింది. వేసింది, మసకబారింది. మూడోసారికి సౌరభ్ దండం పెట్టాడు.

ఇడ్లీ పోలేదు. గ్రైండరే భవనం అవతలి కొసకు మారింది. ఆ వారమే హిమబిందు బొమ్మలన్నీ వరసగా కలిపి, వణికే ఇనుమును ఆమెకు సినిమాలా చూపించింది.

ఇంటికెళ్లి దాలమ్మ మొగుణ్ని నిలేసింది. "ముప్పయ్యేళ్లుగా ఇనుము మోత్తన్నావు. అది ఒణకడం ఎప్పుడైనా సూసినావా? నాను సూసినాను."

ఆదిబాబు కంచంలోంచి తలెత్తి ఆమెను ఎగాదిగా చూశాడు. ఇంకాస్త పులుసు పొయ్యమన్నాడు.