పాయింటర్ పడిపోయిన సెమిస్టర్

మలేషియాలో, మా విశ్వవిద్యాలయంలో మార్కుల సగటును పాయింటర్ అనేవారు. నాలుగుకి ఎంత వచ్చిందన్నదే లెక్క. మొదటి సెమిస్టర్‌లో నాకు ఒకటి పాయింట్ ఏడు వచ్చింది. రెండుకి తగ్గితే విద్యార్థిని హెచ్చరికలో పెడతారు. వరసగా రెండోసారి కూడా తగ్గితే చదువు ఆపించి ఇంటికి పంపేస్తారు. ఈ సంగతి చేరిన మొదటి వారంలోనే పెద్ద హాల్లో అందరినీ కూర్చోబెట్టి చెప్పారు. నేను వెనక వరసలో ఫోన్ చూసుకుంటున్నాను. అవి నాకు పనికొచ్చే మాటలని తోచలేదు.

ఫలితాలు వచ్చేసరికి సెలవులకి బంటింగ్‌లో మా ఇంట్లో ఉన్నాను. నాన్న లారీ తీసుకుని ఉత్తరానికి వెళ్ళాడు. అమ్మ చేతి తొడుగుల ఫ్యాక్టరీలో పొద్దుటి షిఫ్టులో ఉంది. మామ్మ, అంటే నాన్న తల్లి, వాకిట్లో బట్టలు ఆరేస్తోంది. ఫోన్ తెర మీద పాయింటర్ కింద, విద్యార్థి స్థితి అన్నచోట మలయ్‌లో ఒకే ఒక్క మాట ఉంది: పెర్‌చుబాన్, అంటే హెచ్చరికలో ఉన్నానని. రెండు సబ్జెక్టులు పూర్తిగా పోయాయి. ఒకటి మొక్కల పునరుత్పత్తి, ఇంకొకటి గణాంక శాస్త్రం.

ఎందుకు పోయాయో నాకు బాగా తెలుసు. నేను కోరుకున్నది ఫార్మసీ, దొరికింది వ్యవసాయ శాస్త్రం. ఎస్టేట్ కూలీల లైను ఇళ్ళలోంచి బయటపడి, బంటింగ్‌లో సొంత గుమ్మం ఏర్పరచుకోడానికి మా వాళ్ళకి మూడు తరాలు పట్టింది. మా ఇంట్లో విశ్వవిద్యాలయం మెట్టెక్కిన మొదటి మనిషిని నేనే. అలాంటిదాన్ని మళ్ళీ ఆయిల్ పామ్ చెట్ల దగ్గరికే పంపుతున్నారని నాకు ఒకటే ఉక్రోషం. ఆ ఉక్రోషంతో క్లాసులు మానేశాను. పుస్తకం తెరవకుండా పరీక్షలకి వెళ్ళాను.

వారం రోజులు ఎవరికీ చెప్పలేదు. తరవాత హాస్టల్ జాబితా వచ్చింది, అందులో నా పేరు లేదు. హెచ్చరికలో ఉన్నవాళ్ళకి గది ఇవ్వరట. ఇక రోజూ ఇంటి నుంచే వెళ్ళాలి కాబట్టి దాచడానికి వీల్లేకపోయింది.

అమ్మ షిఫ్టు నుంచి వచ్చి భోజనం చేశాక చెప్పాను. అమ్మ అరవలేదు. కంచం తీసి కడిగి బోర్లించింది. ఫ్యాక్టరీలో తన లైనులో ఉన్నవాళ్ళందరికీ నా గురించి చెప్పుకుందని నాకు తెలుసు. ఆ రోజు నుంచి నాతో పొడిపొడిగానే మాట్లాడేది. ఆ పొడి మాటల కన్నా ఒక దెబ్బ వేస్తే బాగుండునని అనిపించేది.

అడిగింది మామ్మ ఒక్కతే.

“ఏటి రాసినారు ఆ కాయితం మీద?”

పెర్‌చుబాన్ అని రాశారని చెప్పాను. మామ్మకి చదువు రాదు గాని, ఎస్టేట్‌లో నేర్చుకున్న మలయ్ బాగా వచ్చు. కాసేపు ఆ మాటని నోట్లో తిప్పుకుంది.

“సుబా అంటే తెల్దేటి నీకు? ఇంకోపాలి సేసి సూడమంటన్నారు. పొమ్మన్లేదు గదా.”

నేను ఆ మాటని వారం రోజులుగా శిక్ష పేరుగానే చదువుతున్నాను. చుబా అంటే ప్రయత్నించడమని చిన్నప్పటి నుంచీ తెలుసు, దుకాణంలో చెప్పులు వేసి చూసుకునేటప్పుడు కూడా అదే మాట వాడతాం. అయినా ఆ పెద్ద మాటలో ఈ చిన్న మాట నాకు కనబడలేదు. బడి మొహం చూడని మామ్మకి కనబడింది.

సెమిస్టర్ మొదలైన వారంలో నా సలహాదారు దగ్గరికి వెళ్ళాను. ఆవిడ మలయ్ మనిషి, యాభై దాటినావిడ, నేను తప్పిన మొక్కల పాఠం చెప్పేది ఆవిడే. నా కాగితం మీద సంతకం పెడుతూ నియమాలన్నీ నెమ్మదిగా చెప్పారు. ఈసారి పన్నెండు క్రెడిట్లకు మించి తీసుకోకూడదు. తప్పిన రెండూ జూనియర్లతో కూర్చుని మళ్ళీ చదవాలి. రెండు వారాలకోసారి వచ్చి తనకి కనబడాలి. పాయింటర్ రెండు దాటకపోతే తను కూడా చేయగలిగేది ఏమీ ఉండదు. అంతా చెప్పి, కలం మూత పెట్టి, పాఠంలో నాకు ఏది అర్థం కాలేదని అడిగారు.

ఏదీ అర్థం కాలేదన్నాను. చదవలేదని చెప్పే ధైర్యం లేక.

ఆవిడ నా చిరునామా చూశారు. బంటింగ్‌లో ఉంటావు కదా, ఇంటి దగ్గర ఆయిల్ పామ్ చెట్లు ఉంటాయా అన్నారు. ఉంటాయన్నాను. పుస్తకం పక్కన పెట్టి, ఒక చెట్టు పూగుత్తిని కొన్ని రోజులు వరసగా చూసి, కంటికి ఏం కనబడితే అది రాసుకు రమ్మన్నారు.

మా ఇంటి వెనక సందు దాటితే ఒక చిన్న రైతు తోట ఉంది. ఆదివారం పొద్దున్న నోటుపుస్తకం పట్టుకుని బయల్దేరాను. ఎక్కడికని మామ్మ అడిగింది. వచ్చీరాని తెలుగులో, చెట్టు పువ్వు చూడాలి అన్నాను. మామ్మ చెప్పులు వేసుకుని నా వెంట వచ్చింది. ఒక్కదాన్నే తోటలోకి పోవడం మంచిది కాదని వస్తోందనుకున్నాను.

నేను ఒక చెట్టు దగ్గర ఆగి, మట్టల మధ్య కనబడ్డ పూగుత్తి ఫోటో తీస్తున్నాను. మామ్మ ఒక చూపు చూసి, అది మగదని చెప్పి ముందుకి సాగింది. మూడో చెట్టు దగ్గర ఆగింది. మట్ట మొదట్లోకి తల వంచి, కళ్ళు మూసుకుని వాసన పీల్చింది. తరవాత మట్టల అంచుల ముళ్ళు తగలకుండా చెయ్యి లోపలికి పెట్టి, ఎండిన పొరను కొంచెం పక్కకి తప్పించింది. ఆ చెయ్యి వెళ్ళిన తీరు చూసి నేను ఫోన్ దించేశాను. డెబ్బై ఆరేళ్ళ మనిషి చెయ్యి. ఎక్కడ ముల్లుందో చూడకుండానే తెలిసిన చెయ్యి.

“ఇది ఆడది. ఇంకా ఇప్పలేదు. ఎల్లుండి పొద్దున్న తెల్లగుంటాది. ఆ మర్నాటికి ఎర్రబడిపోతాది. ఎర్రబడినాక ఏటి సేసినా కాయ కట్టదు.”

నీకెలా తెలుసన్నాను.

“నా పనే అది గదా,” అంది మామ్మ.

మామ్మ ఎస్టేట్‌లో పనిచేసిందని నాకు తెలుసు. ఎస్టేట్ పని అంటే అంతా ఒకటే అనుకునేదాన్ని. ఏం పని చేసేదానివని ఎప్పుడూ అడగలేదు. ఆ పొద్దున్న తోటలో నిలబడి మామ్మ చెప్పింది. పెళ్ళయి ఆ ఎస్టేట్‌కి వచ్చిన కొత్తలోనే ఆడవాళ్ళని ఏరి ఒక జట్టు కట్టారట. వాళ్ళది పూల పని. మగ పూలు విదిలించి పుప్పొడి పోగుచేసి, ఆరబెట్టి, తెల్లటి పౌడర్‌లో కలిపి సీసాలో పోసి ఇచ్చేవారు. సీసాకి రబ్బరు బుడ్డి ఉండేది. చెట్టు చెట్టుకీ తిరిగి, ఆడ పువ్వు విప్పిందో లేదో చూసి, విప్పితే బుడ్డి నొక్కి పొడి చల్లాలి. ఒక్క రోజు ఆలస్యమైతే గెల పోయినట్టే. వరసలో ఏ చెట్టు ఎప్పుడు విప్పుతుందో అన్నీ మనసులో పెట్టుకునేవారు. చెట్లకి పెళ్ళి చేసేవాళ్ళని మగవాళ్ళు వేళాకోళం చేసేవారట.

నేను పరీక్షలో తెల్ల కాగితం ఇచ్చి వచ్చిన ప్రశ్న అదే. ఆయిల్ పామ్ ఆడ పూగుత్తి పరాగ సంపర్కానికి సిద్ధంగా ఉండే దశను వర్ణించుము. ఆ జవాబు మా ఇంట్లో, నా పక్క మంచం మీద ఇన్నేళ్ళుగా పడుకుంటోంది.

మంగళవారం బస్సుకి వెళ్ళే ముందు ఇద్దరం మళ్ళీ వెళ్ళాం. మామ్మ చెప్పినట్టే పువ్వు విప్పింది. మీగడ రంగులో, వందల చిన్న చిన్న నోళ్ళు తెరిచినట్టు ఉంది. దగ్గరికి వంగితే సోంపు వాసన. ఆ వాసన నేను చిన్నప్పటి నుంచీ ఆ సందులో పీలుస్తూనే ఉన్నాను, ఎవరింట్లోనో ఏదో వండుతున్నారనుకునేదాన్ని. మర్నాడు వెళ్ళేసరికి ఆ తెలుపు మీద ఎరుపు పాకుతోంది. చెప్పిన రోజుకి చెప్పిన రంగు.

పూల పని ఎందుకు ఆగిపోయిందని అడిగాను. ఒక రోజు మండోర్, అంటే మేస్త్రి, వచ్చి రేపటి నుంచి ఆ పని లేదన్నాడట. ఎక్కడి నుంచో పురుగు తెచ్చి వదిలారని, ఇక అదే చేసుకుంటుందని చెప్పాడట. మామ్మని రాలిన పళ్ళు ఏరే పనిలో వేశారు. ఆ పురుగుని మామ్మ ఎప్పుడూ చూడలేదు. మనుషులు చేసే పని పురుగు చేస్తుందంటే మొదట్లో నమ్మలేదు కూడా.

అది ఆఫ్రికా నుంచి తెచ్చిన ముక్కుపురుగు. నా పుస్తకంలో దానికి సగం పేజీ ఉంది. ప్రయోగశాలలో అడిగి ఒక చేతి భూతద్దం తెచ్చాను. తరవాతి వారం ఇంకో పువ్వు విప్పిన పొద్దున్న, మామ్మని దాని ముందు నిలబెట్టి అద్దం కంటి దగ్గర పట్టాను. బియ్యపు గింజలో సగం కూడా ఉండవు ఆ పురుగులు. గోధుమ రంగువి, ఒంటి నిండా పుప్పొడి పూసుకుని పువ్వు మీద పరుగులు పెడుతున్నాయి. మామ్మ చాలాసేపు చూసింది. అద్దం నా చేతిలోంచి తీసుకుని మళ్ళీ చూసింది.

“ఈటేనేటి?” అంది. “నలబైమందిమి సేసేవోళ్ళం ఈ పని.”

తన పని పోగొట్టిన పురుగు మీద మామ్మకి కోపం వస్తుందేమోనని చూశాను. కోపం లేదు. మొహం పసిపిల్ల మొహంలా విచ్చుకుంది.

“ఏ పువ్వు ఇప్పినాదో ఈటికెవులు సెప్పినారు?”

“వాసన, మామ్మా. వాసన బట్టి వస్తాయి.”

మామ్మ అద్దం దించింది.

“మాకూ అంతే,” అంది.

రెండు వారాల తరవాత సలహాదారుకి నా నోటుపుస్తకం ఇచ్చాను. ఆవిడ నా ముందే మొత్తం చదివారు. ఒకచోట ఆగి, ఇది ఎవరు చెప్పారన్నారు. మామ్మ అన్నాను, పని సంగతి చెప్పాను. ఆవిడ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. ఇరవై ఏళ్ళ పైగా ఈ పాఠం చెబుతున్నానని, చేతులతో చేసిన మనిషి గురించి వినడం ఇదే మొదటిసారని అన్నారు. రెండు ప్రశ్నలు కాగితం మీద రాసి, మామ్మని అడిగి రమ్మన్నారు. వానరోజుల్లో ఏం చేసేవారు, పుప్పొడి పాడైందని ఎలా తెలిసేది. తడిసిన పువ్వుకి పొడి పట్టదు కాబట్టి వాన వెలిసి ఆరే దాకా చెట్టు కిందే కూర్చునేవాళ్ళమని, పాడైన పొడి వేళ్ళ మధ్య ఉండ కడుతుందని మామ్మ చెప్పింది. ఒక ప్రొఫెసరు తనని ప్రశ్న అడిగి పంపిందంటే నమ్మలేక, ఆ కాగితం అమ్మ చేత మూడుసార్లు చదివించుకుంది. అమ్మ చదివి పెట్టింది. ఆ సాయంత్రం నుంచే అమ్మ నాతో మామూలుగా మాట్లాడింది.

అంతమాత్రాన నా చదువు దానంతట అది బాగుపడలేదు. గణాంక శాస్త్రంలో మామ్మ చేయగలిగేది ఏమీ లేదు. మొదటి పరీక్ష మళ్ళీ తప్పాను. బంటింగ్ నుంచి క్లాంగ్‌కి బస్సు, అక్కడి నుంచి రైలు, పోనూ రానూ నాలుగు గంటలు. ఆ నాలుగు గంటలూ లెక్కలు చేశాను. నాకన్నా చిన్నవాళ్ళని చెప్పమని అడగడానికి మొదట సిగ్గుపడ్డాను, తరవాత ఆ సిగ్గు వదిలేశాను. అయితే ఒక తేడా వచ్చింది. ఏ పేజీ తీసినా, ఇది ఎవరో ఒకరు ఎండలో నిలబడి కనిపెట్టిందే అని తోచేది. అంతకుముందు పుస్తకాలు వాటంతట అవే పుట్టాయన్నట్టు చూసేదాన్ని.

ఆ సెమిస్టర్ పాయింటర్ రెండు పాయింట్ నాలుగు వచ్చింది. మొక్కల పాఠంలో బి, గణాంకాల్లో సి. నా పేరు పక్కన పెర్‌చుబాన్ పోయింది. డిగ్రీ మాత్రం మిగతావాళ్ళ కన్నా ఒక సెమిస్టర్ ఆలస్యంగా వచ్చింది. ఆ ఆలస్యం ఉద్యోగానికి వెళ్ళిన ప్రతిచోటా అడిగారు, ప్రతిచోటా ఉన్నదున్నట్టు చెప్పాను. తెలుగు రాయడం ఆ తరవాతే, కౌలాలంపూర్‌లో తెలుగువాళ్ళు నడిపే ఆదివారం తరగతుల్లో నేర్చుకున్నాను.

చదువు మూడో ఏడు మమ్మల్ని విత్తనాల తోటకి తీసుకెళ్ళారు. మంచి విత్తనం కావాలంటే ఇప్పటికీ పురుగులని రానివ్వకుండా పువ్వుకి సంచీ కట్టి, చేత్తోనే పుప్పొడి చల్లుతారు. తలా ఆరు చెట్లు ఇచ్చారు. రెండో చెట్టుకే నా మణికట్టు గీరుకుపోయింది. నాలుగో చెట్టు దగ్గర చెమట కళ్ళలో పడి కాసేపు ఏమీ కనబడలేదు. ఆరు పూర్తయ్యేసరికి మధ్యాహ్నమైంది. నీడలో కూలబడి, చేతులు చూసుకుంటూ, ఈ పని ఏళ్ళ తరబడి చేసిన మనిషి ఆదివారం పొద్దున్న చెప్పులు వేసుకుని నా వెంట మామూలుగా నడిచి వచ్చిందే అనుకున్నాను.

తిరిగి ఇంటికి వచ్చాక మామ్మకి చేతులు చూపించాను. వెలుతురులోకి తిప్పి, ఒక్కొక్క గీతా చూసింది.

“పాత మేజోళ్ళ కొసలు కోసేసి సేతులకి తొడుక్కోవాల,” అంది. “సెప్పడం మర్సిపోనాను.”