అండమాన్ రేవులో మునిగిన యుద్ధనౌక

మా ఆర్మూరు మార్కెట్టుకు కొత్త పసుపు వచ్చే రోజుల్లో నన్ను అండమాన్‌కు పంపారు. అప్పుడు నేను నౌకాదళంలో చీఫ్ పెట్టీ ఆఫీసర్‌ని, డైవర్ల జట్టుకు పెద్దని. తెల్లదొరల కాలంలో ఆ దీవుల కాపలాకు నిలిపిన యుద్ధనౌక ఒకటి రేవు ముఖంలో, లోతైన చోట మునిగి ఉంది. కొత్త జెట్టీకి వచ్చే చేపల పడవలు దాని మీదుగానే పోవాలి. అందుకని నౌకలో పేలకుండా మిగిలిన ఫిరంగి గుండ్లను ముందు తీసేయాలి.

నాకు జోడీ సాయిలు, లీడింగ్ సీమన్. మా వైపు మెండోరలో, శ్రీరాంసాగర్ జలాశయం మీద వలలేసే ఇంట పుట్టినవాడు. ఒకరు లోపలికి పోతే రెండోవారు తలుపు దగ్గర తాడు పట్టుకుని ఉండాలి. నీళ్లలో మాటలుండవు, తాడును ఎన్నిసార్లు లాగారన్నదే కబురు.

మొదటిసారి లైటు వేసి చూసినప్పుడే ఆ నౌక మీద గౌరవం కలిగింది. అన్నేళ్లు ఉప్పునీటిలో నానినా పక్కరేకుల రివెట్లు వరుస తప్పలేదు.

ఒకరోజు నేను లోపలికి పోయినప్పుడు, గుండ్ల గదిలో విరిగిన నిచ్చెన ఊచ ఒకటి నా వీపు మీది సిలిండర్ పట్టీలో ఇరుక్కుంది. లాగాను. బురద లేచి లైటు కనబడలేదు. మళ్లీ లాగితే పక్కన గుండ్లు పేర్చిన ఇనుప అర కదిలింది. అవి మీద పడితే ఏమవుతుందో తెలుసు, అయినా చేతులు ఆగలేదు. తాడుతో ఆపద కబురు పంపాను.

సాయిలు తాడు వెంబడి తడుముకుంటూ వచ్చాడు. ముందు నా రెండు చేతులూ పట్టి ఛాతీకి అదిమాడు. నేను స్థిమితపడేదాకా వదల్లేదు. తర్వాత కత్తితో పట్టీ కోసి, నా సిలిండర్‌ను చంకన పట్టుకుని నన్ను బయటికి తెచ్చాడు. లోతు నుంచి ఒక్కసారిగా లేస్తే రక్తంలో కలిసిన గాలి బుడగలై ప్రాణం తీస్తుంది, నడుమ ఆగాలి. అక్కడ నా గాలి అయిపోయింది. సాయిలు తన మౌత్‌పీస్ నా నోటికిచ్చి తాను ఊపిరి బిగబట్టాడు. వంతులవారీగా పీల్చుకుంటూ, ఆగాల్సినంతసేపు ఆగాకే పైకి తేలాం.

పడవెక్కాక, లోపలికి వస్తుంటే భయం వేయలేదా అని అడిగాను.

"అయింది అన్నా. గానీ నువ్వు గుంజుతుంటే గుండ్లు కదులుతున్నయ్. ఫస్టు నీ చేతులు ఆపాలె అనుకున్న. భయం సంగతి మీదికొచ్చినంక సూసుకుందమనుకున్న," అన్నాడు.

మర్నాడు మా లెఫ్టినెంట్ నన్ను ఒడ్డున ఉండమన్నారు. అయినా నేను బతిమాలి, నీళ్లలో తలుపు దగ్గర సాయిలుకు తాడు పట్టే పని తీసుకున్నాను. గుండ్లన్నీ క్షేమంగా బయటికొచ్చాయి. చేపల పడవలకు దారి తెరుచుకుంది.

తర్వాత, రిటైరై ఆర్మూరు వచ్చేదాకా కొత్త డైవర్లకు శిక్షణ ఇచ్చాను. ఇరుక్కున్నవాణ్ణి లాగే ముందు అతని చేతులు ఆపండి, కత్తి ఆ తర్వాతే తీయండి అని మొదటి తరగతిలోనే చెప్పేవాణ్ణి.