మిగతావాళ్లు కూర్చోండి

మా నాన్న గవరయ్య గొంతు పోర్ట్ బ్లెయిర్‌లో చాలామందికి తెలుసు, మనిషి తెలియదు. ఇరవై ఎనిమిదేళ్లు జెట్టీలో మైకు ముందు కూర్చున్నాడు. ఏ బోటు ఎప్పుడు కదులుతుందో, ఏ గేటు దగ్గరికి రావాలో ముందు హిందీలో చెప్పేవాడు, తర్వాత తెలుగులో, ఆ తర్వాత తనకు వచ్చినంత బెంగాలీలో. ఆ బెంగాలీకి బెంగాలీవాళ్లు నవ్వుకునేవాళ్లు. "నవ్వితే నవ్వారు, గేటుకాడికి వచ్చారు కదా" అనేవాడు.

రిటైరయ్యాక ఆరు నెలలు బతు బస్తీలో ఇంటి ముందు కుర్చీ వేసుకుని ఆటోలను చూస్తూ గడిపాడు. అమ్మ అప్పటికే లేదు. నేను దూరంగా రంగత్‌లో టీచరుని. ఫోన్ చేస్తే, "ఏటమ్మా, ఇంట్లో మాటాడ్డానికి మనిషీ లేదు, మైకూ లేదు" అనేవాడు. ఆ తర్వాత ఊళ్లోని ఒక ఆసుపత్రిలో మైకు పని దొరికింది. దాని పేరు ఇక్కడ అనవసరం.

మైకు గది కింది అంతస్తులో, మెట్ల పక్కన. ఒక అద్దాల కిటికీ, ఒక టెలిఫోన్ బోర్డు, నాన్నతో పాటు పింకీ అనే అమ్మాయి. పింకీ ఇక్కడే పుట్టింది. తాతల ఊరు శ్రీకాకుళం వైపు. తెలుగు గడగడా మాట్లాడుతుంది, చదవడం రాదు. నాన్న తెలుగులో ఏదైనా రాసిస్తే, "అంకుల్, చీమలు పాకినట్టుంది, మీరే చదవండి" అనేది.

మొదటిరోజే నాన్న చేతికి ఒక అట్ట ఇచ్చారు. దాని మీద రంగుల పేర్లు. నీలం అంటే ఎవరికో గుండో ఊపిరో ఆగిందని. ఎరుపు అంటే మంటలు. అవసరం వచ్చినప్పుడు 'కోడ్ బ్లూ' అని, వార్డు పేరు చెప్పాలి. ఇంగ్లీషులో రెండుసార్లు. అంతకు మించి ఒక్క మాట కూడా అనకూడదు. నాన్న ఆ అట్టను ఇంటికి తెచ్చుకుని బడిపిల్లాడిలా వల్లెవేశాడు.

వారం తిరక్కుండానే మొదటి కోడ్ బ్లూ వచ్చింది. చెప్పాడు. చెప్పి అద్దంలోంచి చూస్తే హాల్లో ఓపీ కోసం కూర్చున్న జనమంతా లేచి నిలబడ్డారు. సంచులు భుజాలకు తగిలించుకున్నారు. పిల్లల్ని ఎత్తుకున్నారు. కొందరు కిటికీ దగ్గరికి, కొందరు మెట్ల దగ్గరికి తోసుకొచ్చారు. "భయ్యా, కిస్‌కో బులాయా?" అని, ఎవర్ని పిలిచారో చెప్పమని అద్దం మీద కొట్టారు. డాక్టరు అదే మెట్లెక్కి పైకి పోవాలి.

ఆ రోజు సాయంత్రం ఫోన్లో నాన్న గొంతు ఎప్పటిలా లేదు.

"డాక్టర్లకి తెలిసేలాగ సెప్పాం, బాగుంది. కూకున్నోళ్లకి సెప్పేదెవరు? మనోళ్లకి మైకంటే బోటేనమ్మా. మోగిందంటే లెగాలి, లెగకపోతే బోటు పోద్ది. మళ్లీ బోటు ఎప్పుడో ఏటో. ఆళ్ల తప్పేటి లేదు. అలా లెగమని ఇన్నేళ్లూ సెప్పింది నేనే."

నేను నవ్వాను. నాన్న నవ్వలేదు.

రెండో కోడ్ బ్లూ వచ్చినప్పుడు, అట్ట మీదున్నది చెప్పాక తనంతట తానే ఒక మాట కలిపాడు. "ఊపర్ ఏక్ మరీజ్ కీ సాన్స్ రుక్ గయీ హై. డాక్టర్ కో రాస్తా దీజియే. బాకీ లోగ్ బైఠే రహియే." వెంటనే తెలుగులో, "పైన ఒక మనిషికి ఊపిరాడట్లేదు. డాక్టరుకి దారివ్వండి. మిగతావాళ్లు కూర్చోండి." లేవబోయినవాళ్లు కూడా కూర్చున్నారట. హాలు మధ్యలో దారి ఏర్పడిందట.

మర్నాడు ఆఫీసరు పిలిచాడు. చెడ్డవాడేం కాదు. "గవరయ్యగారూ, యే జెట్టీ నహీ హై. ఊపిరి ఆగిందని మైకులో చెబితే పేషెంట్ల తాలూకు వాళ్లందరూ తమవాళ్లకే అనుకుని పైకి పరిగెత్తుతారు. అందుకే కదా కోడ్ పెట్టింది" అన్నాడు. నాన్న తల ఊపాడు. "అయితే ఊపిరి సంగతి వొదిలేస్తాను సార్. కూకోమని మాత్రం సెప్తాను" అన్నాడు. అర్జీ పెట్టుకోమన్నారు.

అర్జీ నేను రాశాను. మూడేసి పేజీలు. హిందీలో ఒక ప్రతి, ఇంగ్లీషులో ఒక ప్రతి. భాష ఎంత ముఖ్యమో, ద్వీపాల్లో ఎన్ని భాషలున్నాయో అన్నీ రాశాను. నాన్నకు చదివి వినిపించాను.

"ఇన్ని మాటలెందుకమ్మా? నేనడిగేది ఒక్క లైనే కదా."

మార్చకుండానే పంపించాను. బాగా రాశానని అనుకున్నాను. అది ఏ ఫైల్లో ఉందో ఇప్పటికీ తెలియదు. నాన్న మళ్లీ అట్ట మీద ఉన్నదే చెప్పసాగాడు. చెప్పిన ప్రతిసారీ అద్దంలోంచి జనం లేవడం చూస్తూ, చేతులతో 'కూర్చోండి, కూర్చోండి' అని సైగలు చేసేవాడని పింకీ చెప్పింది. ఎవరూ అటు చూసేవాళ్లు కాదట.

మార్చిలో పని మధ్యలోనే ఛాతీలో నొప్పి వచ్చింది. పై అంతస్తులో మగవాళ్ల వార్డులో చేర్చారు. నేను రంగత్ నుంచి బస్సెక్కి వచ్చాను. రెండు రోజులు బాగానే ఉన్నాడు. మైకులో పింకీ వినిపించినప్పుడల్లా, "గొంతు మంచిదే, గానీ బోటు ఎల్లిపోతన్నట్టు తొందర" అని వంకలు పెట్టాడు. మూడోరోజు పొద్దున, "కిందికెళ్లి టీ తాగిరా. మొకం సూడు ఎలాగుందో" అని పంపించాడు.

పది దాటింది. హాలు నిండా జనం. డిగ్లీపూర్ బోటు దిగినవాళ్లు సామాన్లతో నేరుగా ఇక్కడికే వచ్చినట్టున్నారు. టీ గ్లాసు ఇంకా చేతిలోనే ఉంది. మైకులో పింకీ గొంతు వచ్చింది. కోడ్ బ్లూ. మగవాళ్ల వార్డు పేరు. మళ్లీ ఒకసారి.

ఆ హాల్లో దాని అర్థం తెలిసినది నేనొక్కదాన్నే అయ్యుంటాను.

జనం లేచారు. మెట్లకు అటు ఉన్నవాళ్లు ఇటు, ఇటు ఉన్నవాళ్లు అటు. ఎమర్జెన్సీ గదిలోంచి ఒక డాక్టరూ ఇద్దరు నర్సులూ మందుల బండి తోసుకుంటూ వచ్చి ఆ గుంపు వెనక ఆగిపోయారు. నేను "కూర్చోండి, కూర్చోండి" అన్నాను. హిందీ ఒక్క ముక్క నోటికి రాలేదు. పిల్లలకు పాఠం చెప్పే గొంతు నాది, నాలుగు బెంచీలు దాటదు. ఎవరో ముసలామె నా చెయ్యి పట్టుకుని, "దీదీ, కౌన్ సా నంబర్ బులాయా?" అని అడిగింది. వదిలించుకోబోతే ఇంకా గట్టిగా పట్టుకుంది. తన నంబరు పోతుందని ఆమె భయం.

అప్పుడు మైకు మళ్లీ పలికింది. పింకీయే, కానీ తొందర లేదు. ఒక్కో మాటా విడివిడిగా వచ్చింది. "డాక్టర్ కో రాస్తా దీజియే. బాకీ లోగ్ బైఠే రహియే. డాక్టరుకి దారివ్వండి. మిగతావాళ్లు కూర్చోండి."

కూర్చున్నారు. ఆ ముసలామె కూడా నా చెయ్యి వదిలి కూర్చుంది. బండి మెట్ల పక్కనున్న వాలుదారి మీదుగా పైకి పోయింది. వెనకే నేనూ వెళ్లాను. నాన్న మంచం చుట్టూ తెర వేసేశారు.

ముప్పావు గంట తర్వాత డాక్టరు బయటికి వచ్చాడు. ముందే చేరినా ఫలితం ఉండేది కాదమ్మా అన్నాడు. నేను అడగకుండానే అన్నాడు. బండి గుంపు వెనక ఎంతసేపు ఆగిందని తర్వాత పింకీని అడిగాను. "నిమిషం కూడా లేదు దీదీ" అంది. మరోసారి అడిగితే, "నిమిషమేమో" అంది. మూడోసారి అడగలేదు. ఆ మాట కలిపినందుకు ఆ పిల్లకు మెమో ఇచ్చారు.

వేసవి సెలవుల్లో నాన్న మరణపత్రం కోసం ఆ ఆసుపత్రికి వెళ్లాల్సి వచ్చింది. కిటికీలో పింకీ లేదు, ఎవరో అబ్బాయి ఉన్నాడు. ఆఫీసులో అర్జీ సంగతి అడిగాను. కొత్త ఆఫీసరు మర్యాదగా వెతికించాడు, దొరకలేదు. మళ్లీ రాసివ్వమన్నాడు. అక్కడే ఒక కాగితం అడిగి తీసుకుని, నాన్న అడిగిన ఒక్క లైను రాసిచ్చాను. "ఇంతేనా?" అన్నాడు. ఇంతే అన్నాను.

బయటికి వచ్చి హాల్లో కూర్చున్నానో లేదో, మైకు మోగింది. ఏదో రంగు, ఏదో వార్డు. జనం లేచారు. పక్కనున్న గర్భిణి సంచి అందుకోబోతుంటే భుజం మీద చెయ్యి వేశాను.

"కూర్చో అమ్మా. మనల్ని కాదు."

ఆమె కూర్చుంది. మిగతావాళ్లంతా నిలబడే ఉన్నారు.